ఇరుకు వీధుల నీలి మైదానం: గుడిసన్ పార్క్



ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో ఫుట్‌బాల్ మైదానం పేరు చెప్పమంటే ఎవరైనా ఆన్‌ఫీల్డ్ అంటారు. ఎర్రచొక్కాల లివర్‌పూల్ జట్టు ఆడే చోటు అది. కానీ ఆ ఆన్‌ఫీల్డ్‌లో మొదట కాపురం పెట్టింది వాళ్లు కాదు. ఇవాళ నీలంచొక్కాల జట్టుగా పేరుపడ్డ ఎవర్టన్. వాళ్లక్కడ అద్దెకుండేవారు. అద్దె దగ్గర పేచీ ముదిరి, ఒకరోజు సామాను సర్దుకుని, స్టాన్లీ పార్కు అనే ఉద్యానవనం దాటి అవతలి పక్క సొంత స్థలం చూసుకున్నారు. రెండిటికీ మధ్య మైలు దూరం కూడా లేదు. ఆ సొంత స్థలం పేరు గుడిసన్ పార్క్. 1892 నుంచి 2025 దాకా, నూట ముప్పై మూడేళ్లపాటు ఎవర్టన్ మగవాళ్ల జట్టు ఆడింది అక్కడే. ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు దానికన్నా ఎక్కువ చూసిన మైదానం ఆ దేశంలో మరొకటి లేదు.

ముందు ఆ అద్దె సంగతి చెప్పుకుందాం. అది తెలియకపోతే మిగతాది సగమే అర్థమవుతుంది.

1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చికి చెందిన కుర్రాళ్లు ఒక జట్టు కట్టారు. చర్చితో సంబంధం లేనివాళ్లు కూడా వచ్చి చేరుతుండడంతో, మరుసటి ఏడాదే తమ పేట పేరు మీద ఎవర్టన్ అని పెట్టుకున్నారు. మొదట్లో స్టాన్లీ పార్కులో ఆడారు. ఆటకి జనం పెరిగాక, 1884లో ఆన్‌ఫీల్డ్ రోడ్డు పక్కన స్థలం దొరికింది. దాన్ని కుదిర్చినవాడు జాన్ హోల్డింగ్. బీరు కాచి అమ్మే వ్యాపారి, స్థానిక రాజకీయాల్లో గట్టి మనిషి, తర్వాత కాలంలో లివర్‌పూల్‌కి లార్డ్ మేయర్ అయినవాడు. ఎవర్టన్ ఆటగాళ్లు బట్టలు మార్చుకునేది కూడా ఆయనదైన శాండన్ హోటల్లోనే. మైదానంలో తాగడానికీ తినడానికీ ఏం అమ్మాలన్నా ఆ హక్కు ఆయనదే. చర్చి కుర్రాళ్ల జట్టు బీరు వ్యాపారి చేతిలో పడిందని కొందరు సభ్యులకి మొదటినుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఎవర్టన్ 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ని స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. 1891లో లీగ్ విజేత. జట్టు పేరు పెరిగినకొద్దీ అద్దె కూడా పెరిగింది. వంద పౌండ్లుగా మొదలైంది కొన్నేళ్లలో 250 అయింది. పైగా ఆ స్థలాన్ని క్లబ్బే కొనుక్కోవాలని హోల్డింగ్ ప్రతిపాదన. ధర ఎక్కువన్నారు సభ్యులు. వాళ్ల తరఫున ముందు నిలబడినవాడు జార్జ్ మహన్. ఆయన సెయింట్ డొమింగో చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి. అందువల్ల ఈ తగువుని మద్యానికీ మతానికీ మధ్య పోరాటంగా చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. నా మట్టుకు నాకు ఇది అచ్చంగా డబ్బు తగువు అనిపిస్తుంది. సంఘం ఆస్తి ఒక్కడి జేబులోకి పోతోందని సభ్యులకి అనుమానం. తను పెట్టుబడి పెట్టి పెంచినదాన్ని నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు తన్నుకుపోతున్నారని హోల్డింగ్‌కి ఉక్రోషం. రెండిట్లోనూ కొంత నిజముంది.

1892 వసంతంలో చీలిక వచ్చేసింది. ఎవర్టన్ పేరు, జట్టు మహన్ వర్గంతో పోయాయి. హోల్డింగ్‌కి ఖాళీ మైదానం మిగిలింది. మైదానం ఉంది, ఆడేవాడు లేడు. ఆయన ఊరుకోలేదు, కొత్త జట్టు పుట్టించాడు. అదే లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్. అందుకే ఈ రెండు జట్లకీ ఉన్నది పరాయివాళ్ల మధ్య పగ కాదు, దాయాదుల వైరం. ఒకే ఇంట్లో తండ్రి ఎరుపు, కొడుకు నీలం అయిన కుటుంబాలు ఆ ఊళ్లో కొల్లలు.

మహన్ చూపించిన స్థలం పేరు మియర్ గ్రీన్. ఎత్తుపల్లాల పొలం. చదును చేయాలి, నీరు పోవడానికి కాలువలు వేయాలి, చుట్టూ కట్టాలి. జేమ్స్ బాక్‌స్టర్ అనే డాక్టరుగారు వడ్డీ లేకుండా వెయ్యి పౌండ్లు అప్పిచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కొన్ని నెలల్లోనే మైదానం లేచింది. 1892 ఆగస్టు 24న ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు లార్డ్ కినయిర్డ్, ఫ్రెడరిక్ వాల్ వచ్చి ప్రారంభించారు. విచిత్రమేమిటంటే, ఆ రోజు ఫుట్‌బాల్ ఆడనే లేదు. పరుగుపందాలు పెట్టారు, బ్యాండు వాయించారు, రాత్రి బాణసంచా కాల్చారు. పన్నెండు వేలమంది వచ్చి చూసి వెళ్లారు. బంతి దొర్లింది సెప్టెంబరు 2న. బోల్టన్ మీద ఎవర్టన్ 4-2తో గెలిచింది.

అప్పటిదాకా ఫుట్‌బాల్ చాలాచోట్ల క్రికెట్ మైదానాల అంచుల్లోనో, సంతబయళ్లలోనో ఆడుకునేవారు. ఫుట్‌బాల్ కోసమని స్థలం తీసుకుని, ఫుట్‌బాల్ కోసమే కట్టిన తొలి పెద్ద మైదానాల్లో గుడిసన్ ముందు వరసలో ఉంటుంది. రెండేళ్లు తిరగకుండానే, 1894లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అక్కడే జరిగింది. రెండో శ్రేణి జట్టు నాట్స్ కౌంటీ 4-1తో బోల్టన్‌ని ఓడించి కప్పు పట్టుకుపోయింది.

పేరు గురించి ఒక చిన్న మాట. గుడిసన్ అంటే ఏ ప్రభువో సేనాధిపతో కాదు. పక్కనున్న గుడిసన్ రోడ్డు పేరే మైదానానికి వచ్చింది. ఆ రోడ్డుకి ఆ పేరు జార్జ్ గుడిసన్ అనే సివిల్ ఇంజనీరు వల్ల వచ్చింది. వాల్టన్ ప్రాంతానికి మురుగు కాలువల మీద నివేదిక రాసిచ్చిన పెద్దమనిషి. క్లబ్బు ఇప్పుడు వెళ్లిన కొత్త స్టేడియానికి ఒక న్యాయవాదుల సంస్థ పేరుంది, హిల్ డికిన్సన్ అని. డబ్బు కట్టి పెట్టించుకున్న పేరు. నన్నడిగితే మురుగు ఇంజనీరుకే నా ఓటు.

ఇక మైదానం రూపం. పటం మీద చూస్తే ఇంత పెద్ద కట్టడం అక్కడ ఎలా ఇరికిందా అనిపిస్తుంది. నాలుగువైపులా సన్నటి వీధులు: గుడిసన్ రోడ్డు, బుల్లెన్స్ రోడ్డు, గ్లాడిస్ స్ట్రీటు, ఇంకో కొసన పార్కు వైపు. వీధుల నిండా గోడకి గోడ ఆనించి కట్టిన కార్మికుల ఇళ్లు, ఎర్ర ఇటుకవి. ఇంటి గడప దాటి రెండంగలు వేస్తే స్టేడియం గోడ తగులుతుంది. ప్రధాన ద్వారానికి ఎదురుగా విన్‌స్లో అనే పబ్బుంది. మగవాళ్ల మ్యాచ్ రోజు వీధిలో జనం భుజాలు ఒరుసుకుంటూ కదలాల్సి వచ్చేది. ఆ రద్దీలో పోలీసు గుర్రాలు, కండువాలు అమ్మేవాళ్లు, బంగాళాదుంప చిప్స్ వేగుతున్న వాసన. టికెట్ చూపించి లోపలికి వెళ్లాక కాదు, అసలు హడావిడి ఆ వీధిలోనే మొదలయ్యేది.

ఇంత ఇరుకులో జనాన్ని ఎక్కువమందిని పట్టించాలంటే ఒకటే దారి, పైకి కట్టడం. ఆ పని చేసినవాడు ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. ఆయన జీవితంలో ఒక పెద్ద మచ్చ ఉంది. 1902లో గ్లాస్గోలో తను కట్టించిన ఐబ్రాక్స్ మైదానంలో చెక్క మెట్లు కూలి జనం చనిపోయారు. ఆ తర్వాత ఆయన పని తీరే మారింది. బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో కట్టిన ఫుట్‌బాల్ మైదానాల్లో చాలావాటి మీద ఆయన చేయి కనిపిస్తుంది. గుడిసన్ రోడ్డు వైపు 1909లో ఆయన కట్టిన స్టాండు ఎంత పెద్దదంటే, లివర్‌పూల్ రేవు పేరుతో తిరిగే మహానౌక మారెటానియా పేరు పెట్టి పిలిచేవారు. 1926లో బుల్లెన్స్ రోడ్డు స్టాండు వచ్చింది. 1938లో గ్లాడిస్ స్ట్రీటు వైపు కూడా రెండంతస్తులు లేపారు. దాంతో నాలుగువైపులా రెండంతస్తుల స్టాండ్లున్న తొలి బ్రిటిష్ మైదానం గుడిసన్ అయింది.

లీచ్ సంతకం ఒకటుంది. పై అంతస్తు ముందు అంచు పొడవునా ఇనుప కమ్మీలు అడ్డంగా నిలువుగా కాక, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ అల్లిక వేసినట్టు ఉంటాయి. బుల్లెన్స్ రోడ్డు స్టాండు మీద, గ్లాడిస్ స్ట్రీటు స్టాండు మీద ఆ అల్లిక ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో ఆయన కట్టినవాటిల్లో చాలా భాగం కూలగొట్టేశారు కాబట్టి, లీచ్ పనితనం ఇంకా చూడగలిగే కొద్ది చోట్లలో ఇదొకటి.

ఆయన స్టాండ్లకి స్తంభాలుంటాయి. పైకప్పుని మోయాలి కదా. మన సీటు సరిగ్గా స్తంభం వెనక పడిందా, గోల్ పడ్డ సంగతి పక్కవాడి కేకని బట్టి తెలుసుకోవాలి. గుడిసన్‌లో అలాంటి సీట్లు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల పై అంతస్తు కిందకి వంగి ఉండడంతో ఎత్తుగా లేచిన బంతి కాసేపు కనబడకుండా పోతుంది. చెక్క సీట్లు, మోకాళ్లు పట్టని వరసలు. ఇవన్నీ లోపాలే, కాదనను. కానీ జనం మైదానం అంచు గీతకి అంత దగ్గరగా కూర్చోవడానికి కారణం కూడా ఆ స్తంభాలే. స్తంభాలు లేకుండా పైకప్పు నిలబెట్టాలంటే స్టాండుని వెనక్కి జరపాలి. వెనక ఇళ్లున్నాయి. జరిగే చోటు లేదు. గుడిసన్ హోరు గురించి ఎవరు ఏం చెప్పినా దాని మూలం ఈ లెక్కలోనే ఉంది: చోటు లేకపోవడం. త్రో వేయడానికి గీత దగ్గరికొచ్చిన అవతలి జట్టు ఆటగాడికి ముందు వరసలోని మనిషి తిట్టే తిట్టు మాటమాటా వినబడుతుంది.

ఒక మూల మరీ విచిత్రం. ప్రధాన స్టాండుకీ గ్లాడిస్ స్ట్రీటు స్టాండుకీ మధ్య సెయింట్ లూక్స్ అనే చర్చి ఉంది. స్టాండ్లు దాని చుట్టూ పెరిగాయి గానీ దాన్ని కదపలేకపోయాయి. పూర్వం ఆ చర్చి కప్పు ఎక్కి ఉచితంగా మ్యాచ్ చూసినవాళ్లున్నారు. ఆదివారం ప్రార్థనలకి అడ్డు రాకూడదని ఎవర్టన్ ఆ రోజు పొద్దున్నే మ్యాచ్ పెట్టుకునేది కాదు. మ్యాచ్ రోజుల్లో చర్చి హాల్లో టీ దొరికేది, పాత ఫోటోలూ కార్యక్రమ పుస్తకాలూ పరిచి చూపించేవారు.

మిగతా సంప్రదాయాలు రెండు మాటల్లో. ఎవర్టన్ పేటలో పూర్వం మిఠాయి దుకాణాలకి పేరుండేది, అందుకే జట్టు ముద్దుపేరు టాఫీలు. ఆట మొదలయ్యే ముందు ఒక అమ్మాయి పాతకాలపు వేషంలో గీత వెంట నడుస్తూ జనంలోకి పుదీనా బిళ్లలు విసురుతుంది. ఆటగాళ్లు బయటికి వచ్చేటప్పుడు వాయించేది 1960ల నాటి జెడ్-కార్స్ అనే పోలీసు టీవీ సీరియల్ బాణీ. అది పాత జానపద గీతం మీద కట్టింది. డప్పు, పిల్లనగ్రోవి. ఆ రెండే చాలు, గుడిసన్‌లో నలభై వేలమంది లేచి నిలబడేవారు.

ఇప్పుడు మనుషుల సంగతికి వద్దాం. గుడిసన్ అంటే ముందు చెప్పుకోవాల్సినవాడు డిక్సీ డీన్. నది అవతల బర్కెన్‌హెడ్‌లో పుట్టినవాడు. 1925లో ఎవర్టన్‌కి వచ్చాడు. మరుసటి ఏడు మోటారుసైకిలు ప్రమాదంలో పుర్రె పగిలింది. ఆటేమిటి, బతికితే చాలన్నారు డాక్టర్లు. అదే తలతో హెడర్లు కొట్టి 1927-28 సీజన్లో ఇంగ్లండ్‌ని గడగడలాడించాడు. అంతకు ముందు ఏడాదే మిడిల్స్‌బ్రో ఆటగాడు కామ్సెల్ ఒక సీజన్లో 59 లీగ్ గోల్స్ కొట్టి రికార్డు పెట్టాడు. అయితే అది రెండో శ్రేణిలో. ఇంకా మూడే మ్యాచ్‌లు మిగిలి ఉండగా డీన్ లెక్క 51. తొమ్మిది కావాలి. ఆస్టన్ విల్లా మీద రెండు కొట్టాడు. బర్న్‌లీ మీద నాలుగు. ఆఖరి మ్యాచ్ 1928 మే 5న గుడిసన్‌లో, ఆర్సెనల్ మీద. మూడు కావాలి. రెండు ముందుగానే పడ్డాయి. మూడోది రాదు. ఆట చివరి పది నిమిషాల్లోకి వెళ్లాక ఎడమవైపు నుంచి అలెక్ ట్రూప్ కార్నర్ కిక్ కొట్టాడు. డీన్ తల తగిలింది. అరవై. ఆ రికార్డు దగ్గరికి ఇంగ్లండ్ అగ్రశ్రేణిలో ఇన్నేళ్లలో ఎవడూ రాలేదు. ఇకముందు వస్తారనీ నేననుకోను. ఇప్పుడు ఒక సీజన్లో ముప్పై కొడితేనే పండగ చేస్తున్నారు.

ఆ డీన్ చనిపోయింది కూడా గుడిసన్‌లోనే. 1980 మార్చి 1న, ఎవర్టన్-లివర్‌పూల్ మ్యాచ్ చూస్తుండగా గుండెపోటు వచ్చింది. వయసు 73.

డీన్ రాకముందే గుడిసన్‌లో జరిగిన ఇంకో మ్యాచ్ గురించి చెప్పాలి. ఈ మైదానం చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. ఎవర్టన్ ఆడింది కాదు. అసలు మగవాళ్లు ఆడింది కాదు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మగవాళ్లు యుద్ధానికి పోతే, ఫ్యాక్టరీల్లో గుండ్లు, మందుగుండు తయారుచేసే పనిలోకి ఆడవాళ్లు వెళ్లారు. భోజన విరామంలో ఫుట్‌బాల్ ఆడేవారు. ప్రెస్టన్ ఊళ్లో డిక్, కెర్ అనే ఫ్యాక్టరీ ఆడవాళ్ల జట్టు అలా పుట్టిందే. యుద్ధంలో గాయపడ్డ సైనికుల సహాయనిధి కోసం మ్యాచ్‌లాడి చందాలు పోగుచేసేవారు. 1920 డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మరునాడు, గుడిసన్‌లో సెయింట్ హెలెన్స్ ఆడవాళ్ల జట్టుతో తలపడ్డారు. చూడటానికి 53 వేలమంది వచ్చారు. లోపల చోటు లేక వేలమంది వీధుల్లో ఆగిపోయారు. మామూలుగా ముందు వరసలో ఆడి గోల్స్ కొట్టే ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ రైలు తప్పిపోయి రాలేదు. కెప్టెన్ ఆలిస్ కెల్ మామూలుగా వెనక రక్షణలో ఆడేది. రెండో సగంలో తానే ముందుకెళ్లి మూడు గోల్స్ కొట్టింది. 4-0. వసూలు మూడు వేల పౌండ్లు దాటింది. అప్పటికి పదిహేనేళ్ల పిల్ల లిలీ పార్ కూడా ఆ జట్టులో సభ్యురాలు. తర్వాతి రోజుల్లో ఆమె పేరు ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్‌లో అందరికన్నా పెద్దదైంది.

ఏడాది తిరగలేదు. 1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్లకి తగదట. సభ్య క్లబ్బులేవీ తమ మైదానాల్లో వాళ్ల మ్యాచ్‌లు జరగనివ్వకూడదట. పోగైన చందాల ఖర్చు మీద కూడా ఏవో సందేహాలు లేవనెత్తారు. నిషేధం పూర్తిగా తొలగింది 1971లో. మధ్యలో యాభై ఏళ్లు! జనం రాకపోతే నిషేధించారంటే ఒక రకం. 53 వేలమంది వచ్చినందుకే నిషేధించారేమోనని అనుమానించే చరిత్రకారులున్నారు. ఆ అనుమానం నాకూ ఉంది. క్లబ్బు స్థాయి మహిళల మ్యాచ్‌కి అంతకన్నా ఎక్కువమంది రావడానికి, మాడ్రిడ్‌లో, 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

మగవాళ్ల ఆటకి గుడిసన్‌లో అతి పెద్ద జనం 1948 సెప్టెంబరు 18న. లివర్‌పూల్‌తో మ్యాచ్. 78,299 మంది. ఎక్కువమంది నిలబడి చూసే రోజులు కాబట్టి పట్టారు. మరుసటి ఏడాది ఇక్కడే ఇంగ్లండ్‌కి తలవంపు. ఐర్లండ్ 2-0తో గెలిచింది. బ్రిటన్ బయటి దేశం ఇంగ్లండ్‌ని సొంతగడ్డ మీద ఓడించడం అదే తొలిసారి. 1953లో హంగేరీ వెంబ్లీలో ఓడించిందే మొదటిదని చాలామంది అనుకుంటారు. దానికన్నా నాలుగేళ్ల ముందుదిది.

కొత్త పనులు ముందుగా చేసిన మైదానం కూడా. ఆటగాళ్లూ శిక్షకులూ గీత పక్కన కూర్చునే గుంత, డగౌట్, ఇంగ్లండ్‌లో మొదట వచ్చింది ఇక్కడే, 1930లలో. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌కి ఆడటానికి వెళ్లి అక్కడ చూసి తెచ్చుకున్నారు. 1958లో మంచు కరగడానికి గడ్డి కింద ఇరవై మైళ్ల కరెంటు తీగ వేశారు. మంచు కరిగింది, నిజమే. కరిగిన నీరు పోవడానికి దారి లేదు. రెండేళ్లకే మైదానం మళ్లీ తవ్వి కాలువలు వేయాల్సి వచ్చింది.

1966 ప్రపంచకప్. గుడిసన్‌కి అయిదు మ్యాచ్‌లు దక్కాయి. అందులో బ్రెజిల్ గ్రూపువి మూడు. జూలై 12న బల్గేరియా మీద పెలే ఒకటి, గారించా ఒకటి కొట్టి గెలిపించారు. ఆ ఇద్దరూ కలిసి బ్రెజిల్‌కి ఆడిన ఆఖరి మ్యాచ్ అది. వాళ్లిద్దరూ జట్టులో ఉండగా బ్రెజిల్ ఎన్నడూ ఓడలేదు. తర్వాత హంగేరీ 3-1తో ఓడించింది, పెలే గాయంతో బయట కూర్చున్నాడు. మూడో మ్యాచ్ పోర్చుగల్‌తో. పెలేని తన్ని తన్ని కుంటించారు. అప్పట్లో గాయపడ్డవాడి బదులు ఇంకొకణ్ణి దించే వీలు లేదు. ఒంటికాలి మీద మైదానంలోనే మిగిలాడు. రెండుసార్లు వరసగా ప్రపంచ విజేత అయిన బ్రెజిల్ లివర్‌పూల్ నుంచే ఇంటిదారి పట్టింది.

జూలై 23న క్వార్టర్ ఫైనల్, పోర్చుగల్, ఉత్తర కొరియా. కొరియన్లు అంతకుముందే ఇటలీని ఇంటికి పంపి వచ్చారు. వాళ్లు బసచేసింది కూడా ఇటలీవాళ్లు తమకోసం ముందుగా మాట్లాడిపెట్టుకున్న ఒక క్రైస్తవ ఆశ్రమంలోనే. మిడిల్స్‌బ్రోలో వాళ్ల ఆట చూసి ముచ్చటపడ్డ జనం వేలల్లో ఊరు దాటి వచ్చి గుడిసన్‌లో వాళ్ల పక్షాన అరిచారు. మొదటి నిమిషంలోనే గోల్. ఇరవై అయిదు నిమిషాలకి 3-0. ప్రపంచం తలకిందులైంది. అప్పుడు యూసేబియో మొదలుపెట్టాడు. ఒకటి కొట్టాడు. సంబరం చేసుకోలేదు, వలలోంచి బంతి తీసి చంకలో పెట్టుకుని మధ్యగీత దగ్గరికి పరిగెత్తాడు. మొత్తం నాలుగు కొట్టాడు, అందులో రెండు పెనాల్టీలు. 5-3. కొరియన్ల అమాయకత్వం ఒకటే, మూడు గోల్స్ ముందున్నాక కూడా దాడి ఆపలేదు. అదే వాళ్లని ముంచింది. అదే వాళ్లని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకునేలా కూడా చేసింది.

సెమీఫైనల్లో ఇంగ్లండ్ గుడిసన్‌కి వస్తుందని ఊరంతా ఆశపడింది. ఇంగ్లండ్‌ని లండన్‌లోని వెంబ్లీలోనే ఉంచి, పశ్చిమ జర్మనీ, సోవియట్ యూనియన్ మ్యాచ్‌ని ఇక్కడికి పంపారు. లండన్ మీద లివర్‌పూల్‌వాళ్లకి ఉన్న పాత కోపాల జాబితాలో ఇదొకటి.

హోరు గురించి ఇందాక అన్నాను. ఆ ఊరివాళ్లు గుడిసన్ చరిత్రలోకెల్లా గొప్ప రాత్రి ఏదంటే ఒకటే చెబుతారు, 1985 ఏప్రిల్ 24. యూరప్ క్లబ్బుల కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ రెండో అంచె, ఎదుట బయెర్న్ మ్యూనిక్. తొలి అంచె 0-0. ఇక్కడ మొదటి సగంలో బయెర్న్ గోల్ కొట్టింది. ఎవర్టన్‌కి ఇక రెండు కావాలి. విరామంలో మేనేజరు హొవార్డ్ కెండల్ ఆటగాళ్లకి చెప్పింది వ్యూహం అనడానికి కూడా లేదు. బంతిని వాళ్ల గోల్ ముందుకి చేర్చండి, మిగతాది గ్లాడిస్ స్ట్రీటు జనం లాక్కుంటారు అన్నాడు. రెండో సగంలో ఎవర్టన్ దాడి చేసేది ఆ వైపుకే. పొడుగాటి త్రోలు గోల్ ముందు పడ్డాయి. షార్ప్, గ్రే, స్టీవెన్ తలా ఒకటి కొట్టారు. 3-1. ఆ ఏడు కప్పు ఎవర్టన్‌దే, లీగ్ కూడా వాళ్లదే. తర్వాతి ఏడు యూరోపియన్ కప్‌లో ఆడాల్సింది. కానీ ఆ మే నెలాఖరున బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్ ముందు జరిగిన ఘోరంలో 39 మంది చనిపోవడంతో ఇంగ్లిష్ క్లబ్బుల్ని యూరప్ పోటీలనుంచి వెలివేశారు. ఎవర్టన్‌కి తమ తరంలో అత్యుత్తమ జట్టు చేతిలో ఉండగా తలుపు మూసుకుపోయింది. దాని గురించి పాత అభిమానులు ఇప్పటికీ గొంతు పెంచే మాట్లాడతారు.

తర్వాతి దశాబ్దాల్లో గుడిసన్ మోగింది ఎక్కువగా భయంతోనే. 1994లో ఆఖరి రోజున వింబుల్డన్ మీద 0-2 వెనకబడి, 3-2తో గెలిచి అగ్రశ్రేణిలో నిలిచారు. పార్కు వైపు స్టాండు కొత్తగా కడుతుండడంతో ఆ రోజు మైదానానికి మూడే పక్కలున్నాయి. 2022లో క్రిస్టల్ ప్యాలెస్ మీద మళ్లీ అచ్చం అదే లెక్క, 0-2 నుంచి 3-2. కప్పు గెలిచినా అంత ఏడవరేమో అన్నట్టు జనం మైదానంలోకి దూకారు.

ఇరుకు మైదానానికి హోరునిచ్చిందన్నాను. అదే దాన్ని ముసలిదాన్ని కూడా చేసింది. పెద్దచేయడానికి చుట్టూ వీలు లేదు. 39 వేల పైచిలుకు సీట్లు, అందులో స్తంభాల వెనకవి ఎన్నో. ఖరీదైన పెట్టెగదులు కట్టే చోటు లేదు. ఇప్పటి ఫుట్‌బాల్‌లో మైదానాలకి మంచి ఆదాయం తెచ్చేవి అవి. రేవు పక్కకి ఒకసారి, కిర్క్‌బీ పట్టణానికి ఒకసారి వెళ్లాలనుకున్నారు, రెండూ కుదరలేదు. చివరికి మెర్సీ నది ఒడ్డున బ్రామ్లీ-మూర్ అనే పాత రేవుగుంటని పూడ్చి 52 వేల పైచిలుకు సీట్ల స్టేడియం కట్టారు. రేవుల ప్రాంతంలో ఇలాంటి కొత్త కట్టడాల కారణంగానే 2021లో లివర్‌పూల్ యునెస్కో వారసత్వ జాబితాలో స్థానం పోగొట్టుకుంది.

2025 మే 18న సౌతాంప్టన్‌తో ఆఖరి మ్యాచ్. 2-0. రెండు గోల్సూ సెనెగల్ ఆటగాడు ఇలిమాన్ ఎన్‌డియాయేవి. కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్ ఆగస్టు 24న జరిగింది. అంటే గుడిసన్ ప్రారంభమైన తేదీకే, నూట ముప్పై మూడేళ్ల తర్వాత. అక్కడ తొలి గోల్ కూడా ఎన్‌డియాయేదే.

గుడిసన్‌ని కూలగొట్టి ఇళ్లు కడతామన్నారు ముందు. అక్కడ ఒక చిక్కు ఉంది. గడ్డి అంచుల్లో వందలాది అభిమానుల చితాభస్మం పూడ్చిపెట్టి ఉంది. చోటు నిండిపోయి 2004లో ఇక తీసుకోలేమని క్లబ్బు చెప్పేసింది. అక్కడ కూడా ఇరుకే! ఆఖరి మ్యాచ్‌కి కొద్దిరోజుల ముందు క్లబ్బు మాట మార్చింది. కూల్చడం లేదు, ఇకనుంచి గుడిసన్ ఎవర్టన్ మహిళల జట్టుకి సొంత మైదానం అని ప్రకటించింది. 2025 సెప్టెంబరు నుంచి వాళ్లే ఆడుతున్నారు. ఆడవాళ్లకి తగని ఆట అని తలుపులు మూసిన మైదానాల్లో ఒకటి ఇప్పుడు వాళ్ల పేర రాసి ఇచ్చినట్టయింది. బ్రిటన్‌లో మహిళా జట్టుకే ప్రత్యేకించిన మైదానాల్లో ఇంత పెద్దది లేదు.

కష్టం కూడా అక్కడే ఉంది. వాళ్లు నిన్నమొన్నటిదాకా ఆడిన వాల్టన్ హాల్ పార్కులో పట్టేది 2,200 మంది. ఆ జనాన్ని తెచ్చి గుడిసన్‌లో కూర్చోబెడితే ఒక మూలకి సరిపోతారు. లీచ్ స్తంభాల వెనక కూర్చోవాల్సిన అవసరం ఇక ఎవరికీ ఉండదు. కానీ ముందు వరసలో ఒకడు తిడితే ఖాళీ కుర్చీల్లో ప్రతిధ్వనిస్తుంది. పెద్ద మ్యాచ్‌లకి ఎక్కువమంది వస్తారు, వాళ్లలో సగంమంది తర్వాతి వారం మళ్లీ వస్తే చాలునని నిర్వాహకుల ఆశ. ఆ ఊరి బడిపిల్లల్ని, కుటుంబాల్ని ఎంతమందిని రప్పించుకుంటారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. నా లెక్కలో మరో పదేళ్లన్నా పట్టే పని అది.